తిరిగి అప్పగించాల్సిన బిడ్డను తెచ్చుకున్నాం

మాది సాహసాల కుటుంబం కాదు. రైలుకు గంట ముందే స్టేషన్‌కు వెళ్లి, సామాను లెక్కపెట్టుకుని కూర్చునే రకం. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతిలో ఉన్న అబ్బాయి, మా అత్తయ్య. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో గృహకూడిక, రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. మా ఊరి పేరు మాత్రం చెప్పను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా సంఘంలో సాహసం అనే మాట సాధారణంగా సువార్త పనికి దూరం వెళ్లినవాళ్ల గురించే వినబడుతుంది. ఉద్యోగం వదిలేసి పిల్లాజెల్లాతో ఏ కొండ ప్రాంతానికో వెళ్లినవాళ్లు సెలవుల్లో వచ్చి సాక్ష్యం చెబుతారు. మేము విని కళ్లు తుడుచుకుంటాం, కానుక వేస్తాం, ఇంటికి వచ్చి పొద్దున వండిన మాంసం కూర వేడి చేసుకుని తింటాం. అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడని సండే స్కూల్ నాటి నుంచి వింటున్నదే. ఇంటి అప్పు, పరీక్షలకు చదివే పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తగారు ఉన్నవాళ్లు బయలుదేరాలంటే ఎటు బయలుదేరాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ దారి నాకు డ్యూటీలో దొరికింది. బాలల సంరక్షణ గృహాల నుంచి పిల్లలను వైద్య పరీక్షల కోసం మా ఆసుపత్రికి తీసుకువస్తుంటారు. ఒకరోజు వాళ్ల వెంట వచ్చినావిడ చీటీ కోసం ఎదురుచూస్తూ మాటల్లో పడింది. "సెలవులు వస్తే కొందరిని మేనమామలో, అమ్మమ్మలో వచ్చి తీసుకెళ్తారు మేడమ్. ఎవరూ రానివాళ్లు ఆ నాలుగు రోజులూ గేటు దగ్గరే తచ్చాడతారు. ఫోస్టర్ కేర్ అని ఉంది, ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చు. అడిగేవాళ్లే లేరు. అందరికీ దత్తత కావాలి, అదీ నెలల పసికందు కావాలి."

రాత్రి భోజనాల దగ్గర ఆయనతో చెప్పాను.

"ఎన్నాళ్లు ఉంటారు?" అన్నారు.

"చెప్పలేరట."

"తర్వాత మనకే ఇచ్చేస్తారా?"

"తల్లో తండ్రో ఉంటే, వాళ్లు కుదుటపడితే, వాళ్ల దగ్గరికే పంపుతారు."

ఆయన పెరుగన్నం కలపడం ఆపారు. "అంటే పెంచి, మనసు పెట్టుకుని, అప్పగించేయాలి."

"అంతే."

ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ చట్టం ప్రింటు తీయించుకుని వచ్చారు. లెక్కల మాస్టారు కదా, ముందు సూత్రం చూడాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షను దీని గురించే. దత్తతలో కన్నవారితో చట్టబద్ధమైన బంధం తెగిపోతుంది, ఇందులో తెగదు. కన్నవారు వచ్చి బిడ్డను చూసుకోవచ్చు. పెంచగల స్థితికి వచ్చారని బాలల సంక్షేమ కమిటీ నమ్మితే బిడ్డ వారి దగ్గరికి తిరిగి వెళ్తుంది. 2024లో కేంద్రం వెలువరించిన నమూనా మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను ఇస్తారు, ఒంటరిగా ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటికి వెళ్లే అవకాశం లేని పిల్లల విషయంలో, రెండేళ్లు పెంచిన కుటుంబం దత్తత కోరడానికి కూడా వీలుంది. మాకు వచ్చిన పాపకు తల్లి ఉంది. కాబట్టి ఆ ఆశ మాకు మొదటి నుంచీ లేదు. అది మంచిదే అయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

క్రైస్తవ కుటుంబాలకు ఒక సంగతి చెప్పాలి. మన పెద్దల కాలంలో మనకు చట్టబద్ధమైన దత్తతే లేదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. మనవాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. 2000లో బాలల న్యాయ చట్టం వచ్చి, 2006లో దాన్ని సవరించాక గానీ ఏ మతం వారైనా దత్తత తీసుకునే దారి తేటపడలేదు. అంతవరకు మన ఇళ్లలో ఎందరు పిల్లలు ఏ కాగితమూ లేకుండా పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని వెళ్లారో.

ఇంట్లో అందరినీ అడిగాం. అమ్మాయి "నా గదిలోనేనా?" అంది. అబ్బాయి "క్రికెట్ వచ్చా?" అన్నాడు. అత్తయ్య ఏమీ అడగలేదు. "తీసుకురండి. కానీ క్లౌ దొర పద్ధతిలో తీసుకురండి" అన్నారు.

అత్తయ్యది ఒంగోలు వైపు. వాళ్ల ఇంట్లో పెద్ద కరవు కథలు తరతరాలుగా చెప్పుకుంటారు. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మావాళ్లలో ఆ అంకె రానివాళ్లు ఉండరు. దానికి ముందు జరిగింది మాత్రం చాలామందికి గుర్తుండదు. కరవు పనులు నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చినవాళ్లను మతంలో కలుపుకున్నారనే మాట రాకూడదని. అత్తయ్యకు ఆ రెండోదే ముఖ్యం. "అన్నం పెట్టే చేత్తో బాప్తిస్మం ఇవ్వకూడదు" అన్నారు.

కాగితాల పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాం, పోర్టల్‌లో నమోదు చేసుకున్నాం. ఆధార్, వివాహ ధ్రువపత్రం, ఆదాయం, ఆరోగ్యం, మా గురించి చెప్పగల బయటివాళ్ల వివరాలు. పోలీసు విచారణకు కానిస్టేబుల్ వచ్చిన రోజు వీధి వీధంతా గేట్ల దగ్గరికి చేరింది. ఎదురింటాయన ధైర్యం చేసి "ఏమైంది మాస్టారూ?" అని అడిగే వరకు మా ఆయనకు ఆ సంగతే తట్టలేదు. తర్వాత సోషల్ వర్కర్ వచ్చి ఇల్లంతా చూసింది. బాత్రూం గడియ లోపలి నుంచి పడుతుందో లేదో కూడా చూసింది. పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. ఏమి అడిగిందో వాళ్లు ఇప్పటికీ చెప్పరు.

కమిటీ ముందుకు వెళ్లిన రోజు గురించి చెప్పాలి. బాలల సంక్షేమ కమిటీలో అధ్యక్షులు కాక నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లకు మేజిస్ట్రేటుతో సమానమైన అధికారాలు ఉంటాయి. జీతం, ఇంటి పరిస్థితి, పిల్లల చదువు అన్నీ అయ్యాక ఒక సభ్యురాలు సూటిగా అడిగారు. "మీరు క్రైస్తవులు. పాపది హిందూ కుటుంబం. ఏం చేస్తారు?"

కొందరు విశ్వాసులకు ఈ ప్రశ్న వింటేనే కోపం వస్తుంది. నాకు రాలేదు. ఆ కుర్చీలో నేను ఉన్నా అదే అడుగుతాను. 1992లో మన దేశం ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడికలో కూడా ఆ మాట ఉంది: ఇంటికి దూరమైన బిడ్డను ఎక్కడ ఉంచాలో తేల్చేటప్పుడు ఆ బిడ్డ పెరిగిన మతాన్ని, సంస్కృతిని, భాషను లెక్కలోకి తీసుకోవాలి. ఆయన ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్న జవాబు మొదలుపెట్టబోయారు. వెనక కుర్చీలో కూర్చున్న అత్తయ్య అందుకున్నారు. "మా వాళ్లు కరవులోనే ఎవరినీ నీళ్లలో ముంచలేదమ్మా. ఇప్పుడు కరవు కూడా లేదు." ఒక నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. ఆయన క్లౌ కథ చెప్పాల్సి వచ్చింది. సభ్యురాలు నవ్వి ఏదో రాసుకున్నారు.

పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె వయసు తప్ప ఇంకేమీ చెప్పను. పేరు, ఊరు, తల్లికి వచ్చిన కష్టం, ఏవీ. సంరక్షణ అవసరమై కమిటీ ముందుకు వచ్చిన పిల్లల ఆచూకీ బయటపెట్టకూడదని 74వ సెక్షను చెబుతుంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ కథ ఆమెది.

వచ్చిన మొదటి రాత్రి భోజనాలకు పిలిస్తే పాప వంటగదిలోకి వెళ్లి గట్టు మీది కంచం తీసుకుంది. పొయ్యి పక్కన, గోడకు ఆనుకుని, కంచం రెండు చేతులతో పొట్టకు పట్టుకుని నిలబడింది. కూర్చోమన్నా కదలలేదు. హోమ్‌లో వరుసలో నిలబడాలి. వరుస లేకపోతే అన్నం ఎలా పెడతారో ఆమెకు తెలియదు. నాకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు మా అబ్బాయి లేచి తన కంచం తీసుకుని ఆమె వెనక నిలబడ్డాడు. అమ్మాయి వాడి వెనక. ఆయన అమ్మాయి వెనక. నేను గరిటెతో వరసగా వడ్డించాను. అత్తయ్య హాల్లోంచి "నా వంతు ఎప్పుడు వస్తుంది?" అని కేకేశారు. పాప నవ్వడం అదే మొదలు. ఆ వరుస మా ఇంట్లో చాలాకాలం నడిచింది. ఒకరోజు పాపే విసుగుపుట్టి "కూర్చుని తిందాం, కాళ్లు నొప్పి" అంది.

రెండో సంగతి బొట్టు. మా ఇళ్లలో ఆడపిల్లలు బొట్టు పెట్టుకోవడం అరుదని తెలిసిందే. పాప సంచిలో ఒక స్టిక్కర్ బొట్టుబిళ్లల అట్ట ఉంది. అందులో రెండే మిగిలాయి. పగలు పెట్టుకున్న బిళ్లను రాత్రి తీసి అద్దానికి అంటించి, పొద్దున మళ్లీ అదే పెట్టుకునేది. జిగురు పోయి రాలిపోతుంటే అన్నం మెతుకుతో అంటించుకోవడం అత్తయ్య చూశారు. ఆ సాయంత్రం ఆయనను వెంటబెట్టుకుని ఫ్యాన్సీ షాపుకు వెళ్లారు. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, చేతిలో బైబిలు సంచితో ఉండే ముసలావిడ "తొమ్మిదేళ్ల పిల్లకు నప్పే బొట్టుబిళ్లలు చూపించు నాయనా" అంటే షాపు కుర్రాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడని ఆయన వచ్చి చెప్పారు.

మందిరంలో అది కొందరికి మింగుడుపడలేదు. "మీ పాప బొట్టుతో వస్తోందేమిటి?" అని స్త్రీల సమాజంలో ఒకావిడ అడిగింది. "దాని నుదురు దానిది" అన్నారు అత్తయ్య. ఆ వయసులో ఉన్నవాళ్లకు ఎదురు చెప్పలేరు కాబట్టి చర్చ అక్కడితో ముగిసింది. నేను అదే మాట అని ఉంటే ఉపవాస ప్రార్థనలో నా పేరు పడేది.

ఇంకో చిక్కు మా సంఘం పాస్టర్ అయ్యగారితో. ఆయన మంచివారు, మా గురించి సంతోషించారు. అందుకే "వచ్చే ఆదివారం పాపను ముందుకు తీసుకురండమ్మా, మీరు సాక్ష్యం చెప్పండి, సంఘానికి ప్రోత్సాహంగా ఉంటుంది" అన్నారు. కుదరదన్నాను. చట్టం ఒప్పుకోదని చెప్పాను. అంతకన్నా ముఖ్యంగా, మైకు ముందు ఒక పిల్లను నిలబెట్టి ఆమె బాధను మన విశ్వాసానికి రుజువుగా చూపించడం నాకు నచ్చదని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, పేరు లేకుండా ప్రార్థన చేస్తానన్నారు, చేశారు. ఫోటోలు పెట్టవద్దని యువజనులకు తానే చెప్పారు.

ఆదివారం రావాలా వద్దా అన్నది పాపకే వదిలేశాం. ఎక్కువసార్లు వచ్చేది. సండే స్కూల్‌లో అభినయ గీతాలు, చివర్లో బిస్కెట్లు ఉంటాయి మరి. రానన్న రోజు ఆయనో నేనో ఇంట్లో ఆగిపోయేవాళ్లం. కుటుంబ ప్రార్థనలో కూర్చుని ప్రశ్నలు వేసేది. "మీ దేవుడికి కొబ్బరికాయ కొట్టరా?" అంటే మా అబ్బాయి "కొట్టం, కేకు కోస్తాం" అన్నాడు. బాప్తిస్మాల ఆదివారం చూసి వచ్చాక "నేనూ మునగాలా?" అని భయంగా అడిగింది. ఆయన "అక్కర్లేదు. పెద్దయ్యాక నీకు నువ్వుగా కావాలనుకుంటే, మీ అమ్మతో మాట్లాడి నువ్వే తేల్చుకో" అన్నారు. పాప వెంటనే ఆ సంగతి మరిచిపోయి ఆడుకోవడానికి పరుగెత్తింది.

వినాయక చవితికి ఎదురింటివాళ్లు పాపను పందిరికి తీసుకెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఆకులో ఉండ్రాళ్లు పట్టుకొచ్చి, అందరికన్నా ముందు అత్తయ్య చేతిలో పెట్టింది. అత్తయ్య పుట్టి బుద్ధెరిగి ప్రసాదం ముట్టలేదు. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అత్తయ్య వాటిని అరచేతిలో కాసేపు ఉంచుకుని, "నాకు పళ్లు లేవు కదా తల్లీ, నా వంతు కూడా నువ్వే తినిపెట్టు" అని పాప నోట్లోనే పెట్టారు. "విగ్రహాలకు పెట్టిన తిండి సంగతి బైబిల్లో పౌలు కూడా ఇంత తేలిగ్గా తేల్చలేదు" అని ఆయన నా చెవిలో అన్నారు.

ఇలా చెబుతుంటే అంతా నవ్వులాటగా ఉన్నట్టుంది. కాదు. పాప పక్క తడిపేది. ఇడ్లీలు దిండు కింద దాచేది, చీమలు పట్టేవి. మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పోయాయి, తీయలేదని పాప ఒట్టు పెట్టింది, అవి ఆమె స్కూలు బ్యాగులోనే దొరికాయి. నేను కోప్పడకుండా పక్కన కూర్చుని మాట్లాడాను. ఆ రాత్రి మా అమ్మాయి వంటగదిలోకి వచ్చి, "అమ్మా, నేను అబద్ధం చెబితే నువ్వు ఎప్పుడైనా ఇంత ఓపికగా మాట్లాడావా?" అని అడిగింది. పొయ్యి తుడుస్తూ ఉండిపోయాను. చాలా రోజులు ఆమె ముభావంగానే ఉంది. విశ్వాసంతో అడుగు వేశామని పెద్దలం అనుకుంటాం. గది, సమయం, అమ్మ ఓపిక పంచుకోవాల్సి వచ్చేది పిల్లలకు. ఇంట్లో పిల్లలను ఒప్పించకుండా ఈ పని మొదలుపెట్టేవాళ్లను ఆపగలిగితే ఆపుతాను.

డబ్బు సంగతి చాలామంది అడుగుతారు. మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4000 రూపాయలు ఇస్తారు. బడి ఫీజు, మందులు, బట్టలు చూసుకుంటే అది చేయూతే తప్ప ఆదాయం కాదు. చట్టం ప్రకారం ప్రతి నెలా తనిఖీ ఉంటుంది. మొదట్లో ఆయనకు ఇది అవమానంగా తోచింది. తర్వాత తనిఖీకి వచ్చేవాళ్లకు కాఫీ కలిపే పని ఆయనే చూసుకున్నారు.

తల్లి మొదట కార్యాలయంలో కలిసేది. కొన్నాళ్లకు ఇంటికి వచ్చి చూడటానికి కమిటీ ఒప్పుకుంది. వచ్చిన మొదటిసారి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే "పర్లేదమ్మగారూ" అంటుంది. అత్తయ్య "నువ్వు కింద కూర్చుంటే నేనూ కిందే కూర్చోవాలి. కూర్చుంటే మళ్లీ నన్ను లేపడం నీ వల్ల కాదు" అన్నారు. లేచి కుర్చీ అంచున కూర్చుంది. పాపకు తెచ్చిన జంతికల పొట్లం విప్పి మా పిల్లలకు కూడా పెట్టింది. వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకుని "వస్తాను అక్కా" అంది. అంతవరకు నన్ను ఆంటీ అంటున్న పాప ఆ రాత్రి "అమ్మకు అక్క అయితే నాకు పెద్దమ్మ" అని లెక్క తేల్చింది. ఆయన పెదనాన్న అయ్యారు.

ఆ తల్లి కుదుటపడుతుంటే నాలో కలిగిన భావాలన్నీ రాయదగినవి కావు. రోజూ ప్రార్థనలో ఆమె ఆరోగ్యం కోసం అడిగేవాళ్లం, పాప గట్టిగా ఆమెన్ అనేది. ఆ ప్రార్థన నెరవేరుతుందని తెలిసిన కొద్దీ నా ఆమెన్ గొంతులో చిక్కుకునేది. ముందు సంక్రాంతి సెలవులకు పంపి చూశారు. పాప రెండు జడలకూ కనకాంబరాలు పెట్టుకుని, కాస్త ఒళ్లు చేసి తిరిగి వచ్చింది. వేసవి చివరలో, బడులు తెరవకముందే, కమిటీ ఉత్తర్వు ఇచ్చింది.

వెళ్లే రోజు మా అబ్బాయి తన బ్యాటు ఇచ్చాడు. కొత్తది కాదు, పాతది. కొత్తది ఇచ్చేంత విశ్వాసం తనకు ఇంకా రాలేదన్నాడు. మా అమ్మాయి స్నానాల గదిలో కుళాయి తిప్పి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, ఆ ఇయర్‌ఫోన్లే పాప సంచిలో పెట్టింది. ఆయన ఎక్కాల పుస్తకం ఇచ్చారు. దానికి ఎవరూ సంతోషించలేదు.

ఇప్పుడు తల్లి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. జ్వరం వస్తే ఏ మందు వేయాలో నన్ను అడుగుతుంది, రాని లెక్కలు పాప ఆయనను అడుగుతుంది. తెలిసినవాళ్లు కూడా ఫోను చేస్తున్నారు, "తెల్లగా ఉండే పసిపాప దొరుకుతుందా?" అని. వాళ్లకు నా దగ్గర జవాబు లేదు. నిజంగా ఆలోచిస్తున్నవాళ్లు నన్ను అడగనవసరం లేదు. మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి, మీకు ఉన్న భయాలన్నీ అక్కడే అడగండి. కన్నవారు వచ్చి తీసుకెళ్లిపోతే మీరేం చేస్తారో మాత్రం ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

మొన్న మాకు మళ్లీ ఫోను వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు, విడదీయకుండా ఒకే ఇంట్లో ఉంచాలని చూస్తున్నారట, ఆలోచించుకుని చెప్పమన్నారు. ఆయన టేపు పట్టుకుని గదిలో రెండు మంచాలు పడతాయో లేదో కొలుస్తున్నారు. పడవని నాకు తెలుసు, చెప్పలేదు. అమ్మాయి ఈసారి రెండు రోజులు గడువు అడిగింది. అబ్బాయి వెంటనే ఒప్పుకున్నాడు కానీ షరతు పెట్టాడు: వెళ్లేటప్పుడు బ్యాటు మాత్రం అడగకూడదట.